ఏమొస్తాది సార్?

తెల్లవారుజామున నాలుగున్నరకు లేపాక్షి బసవన్న ఎదుట నిలబడి బూట్ల తాళ్ళు బిగించుకుంటున్న నడివయసు మనిషిని చూస్తే ఎవరికైనా మొదట కలిగేది దొంగేమోనన్న అనుమానం. కాస్త దగ్గరికి వచ్చి ముఖం పోల్చుకున్నాక రెండో అనుమానం, ఇంట్లో పోట్లాడి వచ్చాడేమోనని. ఈ రెండూ కాదని తేలిన తరువాత పుట్టే ప్రశ్న ఒకటుంది. పాలక్యాన్లు వేలాడదీసుకొని మోపెడ్ మీద పోయే ఆయన, టీకొట్టు ముందు నీళ్ళు చల్లే ఆమె, మందను తోలుకుపోయే గొర్రెల తాత, అందరూ అదే అడిగారు. "ఏమొస్తాది సార్, ఇట్ల పరిగెత్తితే?"

నాలుగు నెలలుగా ఈ ప్రశ్నకు తలా ఒక అబద్ధం చెబుతూ వచ్చాను. ఒకరితో షుగరన్నాను, ఒకరితో డాక్టరు చెప్పాడన్నాను, ఒకరితో పొట్ట తగ్గాలన్నాను (ఇది మాత్రం పూర్తి అబద్ధం కాదు). చెప్పీ చెప్పీ విసుగు పుట్టి, ఆ ప్రశ్నతోనే తాడో పేడో తేల్చుకుందామని ఈ టపా మొదలుపెట్టాను. మిత్రులు కొంచెం ఓపిక పట్టాలి. మారథాన్ గురించిన టపా పొట్టిగా ఉండడం న్యాయం కాదు కదా.

నేను ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. వయసు నలభై నాలుగు. చిన్నప్పుడు ఏ ఆటలోనూ పెన్సిలు కూడా బహుమతిగా తెచ్చుకున్నవాణ్ణి కాను. ఈ ఆగస్టులో హైదరాబాదు మారథాన్‌కు పేరిచ్చాను. 42.195 కిలోమీటర్లు. చివరి 195 మీటర్ల పితలాటకం 1908 లండన్ ఒలింపిక్స్ నాటిది. అప్పుడు పరుగెత్తిన దూరాన్నే 1921లో అందరికీ ఖాయం చేశారు. నా వేగం కిలోమీటరుకు ఏడు నిమిషాలు. ఆ లెక్కన ఎక్కడా ఆగకపోతే ఐదు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. మా వీరభద్రాలయం కూర్మశైలం మీద ఉంది. కొండ తాబేలు ఆకారంలో ఉంటుందని ఆ పేరు. స్థలమాహాత్మ్యం నా కాళ్ళకు బాగా పట్టిందని మా ఆవిడ అంటుంది.

సాధన వారానికి నాలుగు రోజులు. మూడు రోజులు చిన్న పరుగులు, ఆదివారం పొడుగు పరుగు. మార్చిలో ఐదు కిలోమీటర్లకే చెట్టు పట్టుకొని నిలబడ్డవాణ్ణి, ఇప్పుడు హిందూపురం దాకా పోయి తిరిగి రాగలుగుతున్నాను. పోనూ రానూ ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. హిందూపురం మాకు పడమర. పోయేటప్పుడు చీకటీ, ఆ తరువాత వీపుకు లేత ఎండా. వచ్చేటప్పుడు ఆ ఎండే ముదిరి ముఖాన కొడుతుంది. దారిలో నీడ తక్కువ, కొళాయిలు అంతకన్నా తక్కువ. అందుకని శనివారం సాయంత్రం స్కూటరు మీద పోయి నాలుగైదు మోరీల కింద నీళ్ళ సీసాలు దాచి వస్తాను. ఒక ఆదివారం మూడు సీసాలు మాయమయ్యాయి. దాచుకున్న నీళ్ళు దొరక్కపోవడం ఈ సీమకు కొత్త కాదు కాబట్టి ఎవరినీ తిట్టుకోలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర సగటు వర్షపాతం. దేశంలో జైసల్మేరు తరువాత మనమేనని మాకు మూడో తరగతిలోనే కంఠస్థం చేయించారు. 2022 ఏప్రిల్ నుంచి మేము అనంతపురం జిల్లా కాదు, శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ వాన లెక్క మారలేదు.

ఇక ప్రశ్న దగ్గరికి వస్తాను.

నవ్వినవాళ్ళ మీద నాకు కోపం లేదు. నవ్వదగిన దృశ్యమే అది. బస్సు తప్పిపోయిందా సార్ అని అడిగిన పిల్లవాడికి మార్కులు కూడా వేస్తాను. నా తగాదా ఆ ప్రశ్న వెనక కూర్చున్న తక్కెడతో. మనిషి చేసే ప్రతి కదలికనూ ఆ తక్కెడలో పెట్టి, ఇటువైపు ఏమైనా రాలిందా అని చూసి, రాలకపోతే 'పనీ పాటా లేని పని' అని అవతల పారేసే అలవాటు ఉంది చూశారూ, దానితో.

మా ప్రాంతంలో పరుగు నిషిద్ధమేమీ కాదు. బస్సు కోసం పరుగెత్తవచ్చు. కుక్క తరిమితే పరుగెత్తవచ్చు. ట్యాంకరు వచ్చిందంటే బిందె పట్టుకొని పరుగెత్తవచ్చు. అన్నిటికన్నా గౌరవనీయమైనది సెలక్షన్ల పరుగు. పోలీసు కానిస్టేబులు నోటిఫికేషన్ వస్తుందని గాలివార్త పుడితే చాలు, కాలేజీ మైదానం తెల్లవారకముందే నిండిపోతుంది. మగపిల్లలు పదహారువందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పూర్తి చేయాలి. ఒకడి చేతిలో సెల్‌ఫోను గడియారం, మిగతావాళ్ళ కాళ్ళకు ఎవరివో బూట్లు. ఆ పిల్లలను ఎవరూ ఏమొస్తాదని అడగరు. ఏమొస్తుందో అందరికీ తెలుసు. దారిలో కనబడితే ముసలివాళ్ళు కూడా పక్కకు జరిగి దోవ ఇస్తారు.

ఆ పరుగును నేను తక్కువ చేయడం లేదు. నా దగ్గర చదివిన పిల్లలు కొందరు ఆ నాలుగు చుట్లు పరుగెత్తే ఇల్లు నిలబెట్టారు. నేను చెప్పేది తరువాతి సంగతి. ఫలితాలు వచ్చిన మరునాడు మైదానానికి పోయి చూడండి. ఎంపికైనవాడు రాడు, ఎంపిక కానివాడు అంతకంటే రాడు. మీటరు మీటరుకు ఊపిరి పెంచుకున్న కుర్రవాళ్ళు, నా వయసులో నేను ఏడుస్తూ చేరుకున్న చోటికి ఆడుతూ పాడుతూ చేరగలిగినవాళ్ళు, సరిగ్గా పదహారువందల మీటర్ల దగ్గర ఆగిపోయారు. ఆ పైన పరుగు ఉన్నదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, ఏమొస్తాది?

చిత్రమేమిటంటే, ప్రతిఫలం లేని శ్రమ మనకు తెలియనిది కాదు. మొక్కు కోసం కాళ్ళకు చెప్పులు లేకుండా రోజుల తరబడి తిరుమలకు నడిచిపోయేవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళు తిరిగి వచ్చాక బొబ్బలెక్కిన పాదాలు చూపిస్తే మనం నమస్కరిస్తాం. నడక వేరు, పరుగు వేరు అంటారా? ఆ పాదాలనూ నా పాదాలనూ పక్కపక్కన పెట్టండి, బొబ్బలు ఒక్కలాగే ఉన్నాయి. దేవుడి పేరు ఉంటే తపస్సు, లేకపోతే వేషం. ఇక గుడికి వచ్చే యాత్రికుల మాట. బెంగుళూరు నుంచి నూట ఇరవై కిలోమీటర్లు కారులో వచ్చి, వేలాడే స్తంభం కింద తువాలు ఇటు దూర్చి అటు లాగి, ఫొటో తీయించుకొని వెళ్ళిపోతారు. ఏమొచ్చింది? తువాలు మాసింది. వాళ్ళను అడిగినవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు.

నిజానికి ఈ ప్రశ్నను మా ఊళ్ళో అయిదువందల ఏళ్ళ కిందటే అడిగారు. అచ్యుతరాయలు విజయనగరాన్ని ఏలిన కాలంలో (1529 నుంచి 1542 దాకా) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడి కట్టించారు. విరూపణ్ణ రాజుగారి కోశాధికారి అని, ఖజానా డబ్బంతా రాళ్ళ మీద పోశాడని ఎవరో చాడీ చెప్పారని, రాజు కళ్ళు పీకించకముందే తానే పీకి గోడకు విసిరికొట్టాడని కథ. ఆ గోడ మీద ఎర్రటి మరకలు గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. కథ నిజమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఊరు ఆ కథను ఎందుకు దాచుకున్నదన్నదే ముఖ్యం. లెక్కలు అడిగినవాడి పేరు ఎవరికీ తెలియదు. పూర్తికాని కళ్యాణమంటపం స్తంభాలు ఇవాళ్టికీ ఆకాశం కింద నిలబడి ఉన్నాయి. టీకొట్టు ఆమె ఇల్లు గడిచేది ఆ దండగ ఖర్చు మీదనే. ఆమే నన్ను అడుగుతుంది, ఏమొస్తాది సార్ అని!

(గుడికి, నా పరుగుకూ పోలిక పెడుతున్నానని అపార్థం చేసుకోకండి. నన్ను చూడడానికి బెంగుళూరు నుంచి ఎవరూ రారు.)

అయితే ఎదుటిపక్షం వాదన అంత బలహీనమైనదేమీ కాదు. దానిని అత్యంత బలంగా చెప్పినవాడు మా చిన్నాయన. వర్షాధారం మీద చెనక్కాయ వేసే రైతు, బతుకులో ఎన్ని పంటలు ఎండాయో వేళ్ళ మీద లెక్క చెప్పగలడు. ఈ నెల మొదట్లో ఇంటికి వచ్చి, అరుగు మీద ఆరవేసిన నా బూట్లు చూసి అన్నాడు: "ఏమప్పా, ఒంట్లో అంత సత్తువుంటే మా చేనుకు రా. కలుపు తీసేదానికి మనిషి దొరకడం లేదు. ఊరికే రోడ్డు మీద చెమట పారబోస్తాండావు."

దీనికి చెప్పవలసిన జవాబు దొరకక మరునాడు చేనుకు పోయాను. సాలు చివరికి పోకముందే నడుము పట్టేసింది. ముప్పై కిలోమీటర్లు మోసే కాళ్ళు ఉన్నాయి గానీ, గంటసేపు వంగే నడుము లేదు. చిన్నాయన కడుపారా నవ్వాడు. పక్క సాళ్ళలో నలుగురు ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు, నాకన్నా పెద్దవాళ్ళు ఇద్దరు. వాళ్ళలో ఒకామె తల ఎత్తకుండానే అడిగింది.

"పరిగెత్తేటప్పుడు మధ్యలో ఎవురన్నా నిలబెట్టి పని చెప్తారా సార్?"

"లేదమ్మా."

"అలుపొస్తే నిలబడొచ్చునా?"

"నిలబడొచ్చు."

"అయితే బాగానే ఉంటాది."

మా చిన్నాయనకు నేను చెప్పలేకపోయిన జవాబు ఇది. చేలో కార్చిన చెమటకూ రోడ్డు మీద కార్చిన చెమటకూ ఉప్పులో తేడా లేదు. తేడా అంతా ఎవరి ఇష్టం మీద కారిందన్న దగ్గర ఉంది. కూలికి పోయిన శరీరం పొద్దుగూకే దాకా మరొకరిది. ఇంటికి పోయాక పొయ్యిది, పిల్లలది, గొడ్లది. తన శరీరాన్ని తన కోసం ఒక గంట అలసిపోనివ్వడమన్నది ఆమెకు ఎప్పుడూ దొరకని వస్తువు. నన్ను వెక్కిరించకుండా, సొంతదారుడిని వివరాలు అడిగినట్లు అడిగింది. 'కష్టం లేనివాడికే పరుగు కావాలి' అని కష్టపడేవాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. కష్టపడేవాళ్ళను అడిగి మాట్లాడరు.

ఇలా మాట్లాడేవాళ్ళలో రెండో రకం పట్నంలో ఉంటారు, వాళ్ళ మాట తియ్యగా ఉంటుంది. బెంగుళూరులో స్థిరపడ్డ మిత్రుడొకడు, నాలుగు మారథాన్లు పూర్తి చేసినవాడు, పోయిన ఉగాదికి వచ్చి రోడ్డు మీద బిందెలు మోసుకొస్తున్న ఆడవాళ్ళను చూసి ముచ్చటపడిపోయాడు. "వీళ్ళు రోజూ మారథాన్ నడుస్తున్నార్రా! పతకాలు వీళ్ళకివ్వాలి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పతకం ఎందుకు నాయనా, కొళాయి ఇవ్వు. నీళ్ళ కోసం నడిచిన నడకను క్రీడ అనడం, ఆకలితో పడుకున్నవాణ్ణి ఉపవాసదీక్షలో ఉన్నాడనడం లాంటిది. ఆ నడక ఆమె ఎంచుకున్నది కాదు. ఆమె చదువులో, నిద్రలో, ఆటలో కోత పెట్టి వసూలు చేసిన పన్ను.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక పాత కథ. 1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ మారథాన్ గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్, 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లలో. అప్పటి దూరం ఇప్పటికన్నా తక్కువ, సుమారు 40 కిలోమీటర్లు. మరూసి అనే ఊరివాడు. నీళ్ళు తోలి ఏథెన్స్‌లో అమ్ముకొనే కుటుంబం. గాడిద పక్కన రోజూ పరుగెత్తడం వల్లనే గెలిచాడని అప్పటినుంచీ అందరూ కథలు కథలుగా చెప్పుకొన్నారు. దేశమంతా ఊరేగింది. రాజుగారు ఏం కావాలో కోరుకొమ్మంటే నీళ్ళు తోలడానికి ఒక బండి అడిగాడట. ఆ కథను చాలామంది నిరాడంబరతకు ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం వేరేగా వినిపిస్తుంది. నీళ్ళు మోసినవాడికి తెలుసు, మోత క్రీడ కాదని. అతని చేతికి అవకాశం రాగానే మొట్టమొదట దించుకోవాలనుకున్నది ఆ మోతనే.

ఇంకొక తప్పుడు జవాబును కూడా ఇక్కడే వదిలించుకోవాలి: ఆరోగ్యం. 'ఆరోగ్యానికండీ' అంటే అందరూ తల ఊపి వదిలేస్తారు, అందుకే అందరమూ ఆ మాటే చెబుతాం. కానీ ఆరోగ్యానికి మారథాన్ అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి నూట యాభై నిమిషాల మోస్తరు వ్యాయామం. చెరువుకట్ట మీద రోజుకు అరగంట చురుగ్గా నడిస్తే ఐదు రోజుల్లో అది పూర్తవుతుంది, మిగతా రెండు రోజులు పడుకోవచ్చు. ముప్పై కిలోమీటర్లు దాటాక కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం అడుగంటి, కాళ్ళు తడిసిన గోనెసంచుల్లా వేలాడే స్థితిని ఆరోగ్యం అనడానికి నాకు నోరు రాదు. రెండు కాలిగోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. మా ఆవిడ అడిగింది, ఇదేనా ఆరోగ్యమని. కాదనే చెప్పాను.

దానధర్మాల పరుగు మాట కూడా అంతే. 2016లో స్పెయిన్ నుంచి వచ్చిన పరుగువీరులు మన అనంతపురం పల్లెల గుండా రాత్రీ పగలూ పరుగెత్తి ఆర్.డి.టి. కట్టే ఇళ్ళకు నిధులు పోగుచేశారు. మంచి పని, వాళ్ళకు నమస్కారం. కానీ పట్నాల్లో ఇప్పుడు నదికోసం పరుగు, ఆడపిల్లకోసం పరుగు, ఐక్యతకోసం పరుగు అని బ్యానరు లేనిదే ఎవరూ కాలు కదపడం లేదు. గొర్రెల తాత ప్రశ్నకే వాళ్ళూ జడుస్తున్నారన్నమాట. కాకపోతే బనీను మీద అచ్చు వేయించుకొని జడుస్తున్నారు.

ఖర్చు గురించి రెండు ముక్కలు. పరుగు డబ్బున్నవాళ్ళ జబ్బని అంటారు; ప్రవేశ రుసుము, ప్రయాణం, బస లెక్క వేస్తే కొంత నిజం కూడా. బూట్లకు నాలుగువేలు పెట్టాను. ఉత్త కాళ్ళతో పరుగెత్తమని సలహా ఇచ్చిన మిత్రులు అబెబె బికిలా పేరు తెచ్చారు. 1960లో రోములో ఆ ఇథియోపియావాడు వట్టి పాదాలతో గెలిచిన మాట నిజమే. 1964లో టోక్యోలో బూట్లు వేసుకొని, ఇంకా తక్కువ సమయంలో గెలిచిన సంగతి వాళ్ళు ఎందుకో చెప్పరు. పేదరికం ఫొటోలో బాగుంటుంది. మా దారిలో కంపముళ్ళు ఉంటాయి. తిండికి మాత్రం కొత్తగా ఏమీ కొనలేదు. ముందురోజు రాత్రి రాగిసంగటి, చెనక్కాయల చట్నీ. పరుగులో అరటిపండు, బెల్లంముక్క. నీళ్ళు ఎంత వీలైతే అంత తాగమని పట్నం మిత్రుడు, ఉప్పు వేసిన మజ్జిగ తాగమని గొర్రెల తాత. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గిపోయి ఉందని, అందుకు ముఖ్యకారణం అతిగా తాగడమేనని 2005లో వైద్యపత్రికలో వచ్చింది. తాత ఆ పత్రిక చదవలేదు. నేను మాత్రం దాహం వేసినప్పుడే తాగుతున్నాను, మజ్జిగే తాగుతున్నాను.

ఇంతవరకూ నా గొడవే చెప్పాను. నా ఒక్కడి గొడవైతే ఇంత ఆవేశం అవసరం లేదు. మగవాణ్ణి, జీతగాణ్ణి, ఊళ్ళో సార్‌ని. నవ్వి ఊరుకుంటారు.

మా తమ్ముడి కూతురు ఉంది. పదిహేడేళ్ళు, హిందూపురంలో ఇంటర్ రెండో ఏడు. మే నెలలో ఒకరోజు తెల్లవారుజామున తలుపు దగ్గర నిలబడి, "పెద్దనాయనా, నేనూ వస్తా" అంది. మొదటిరోజు నాలుగు కిలోమీటర్లు, చున్నీ నడుముకు బిగించుకొని, తమ్ముడి పాత బూట్లలో గుడ్డలు కుక్కుకొని. నెల తిరిగేసరికి పది. ఇప్పుడు నన్ను దాటిపోయి, మలుపు దగ్గర మోరీ మీద కూర్చొని ఎదురుచూస్తుంది. "నిదానంగా రా పెద్దనాయనా, తొందరేం లేదు" అంటుంది, గడుసు పిండం.

ఇంట్లో ఒప్పించడానికి నేను ఆడిన అబద్ధం ఏమిటో మీరు ఊహించే ఉంటారు. ఆడపిల్ల చీకట్లో రోడ్డు మీద ఏమిటని మా అమ్మ, చూసినవాళ్ళు ఏమనుకుంటారని మరదలు, ఏమొస్తాదన్నా అని తమ్ముడు. సెలక్షన్లకు అన్నాను. పోలీసు సెలక్షన్లకు ఇప్పటినుంచే తయారైతే పద్దెనిమిది నిండగానే పోటీకి దిగవచ్చన్నాను. ఒక్క మాటతో ఇల్లంతా మెత్తబడింది. మా అమ్మ రాత్రి నానబెట్టిన చెనక్కాయలు ఆ పిల్ల కోసం ప్రత్యేకంగా తీసిపెట్టడం మొదలుపెట్టింది. కాబోయే కానిస్టేబులమ్మ కదా.

పోయిన వారం పరుగు ముగిసి బసవన్న గట్టు మీద కూర్చున్నప్పుడు ఆ పిల్ల అంది: "పెద్దనాయనా, ఆడోళ్ళకు నూట యాభై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుండాల. నేను నూట యాభై కూడా లేను. వాకిలి పట్టెకు గీత గీసి కొలుచుకున్నా."

"ఎప్పుడు?"

"మే నెలలోనే."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మాన్పిస్తారు గదా."

ఆ అబద్ధాన్ని ఇద్దరమూ మోస్తున్నామన్నమాట, ఒకరికి తెలియకుండా ఒకరం. మా ఇంటి తక్కెడలో ఆ పిల్ల పది కిలోమీటర్ల పరుగుకు ఇప్పుడు విలువ సున్నా. అడుగు తీసి అడుగు వేయకముందే, గోడకు కొట్టిన ఒక గీత దగ్గర ఓడిపోయింది. ఊపిరితిత్తులు అవే, కాళ్ళు అవే, గంటకు పైగా మాట్లాడుతూ పరుగెత్తగల సత్తువ అదే. రెండున్నర సెంటీమీటర్లు చాలనందుకు ఆ సత్తువకు ఉండే హక్కే లేదా? ఇదీ నేను అడుగుతున్నది. ఏమొస్తాదన్న ప్రశ్న నాలాంటివాడికి వేళాకోళం. ఆ పిల్లకు అది తలుపు గడియ.

1896లో లూయిస్ గెలిచిన మరునాడు స్టమాటా రెవిథి అనే పేదరాలు అదే దారిలో ఒంటరిగా పరుగెత్తింది. ఆడదానివని పందెంలోకి రానివ్వలేదు. ఐదున్నర గంటలు పట్టింది. ఆఖరున క్రీడాప్రాంగణంలోకి కూడా అడుగు పెట్టనివ్వలేదు. పేరు వస్తే తనకో తన బిడ్డకో ఏదైనా కొలువు దొరుకుతుందని ఆశపడి వచ్చిందని ఆనాటి పత్రికలు రాశాయి. ఇది చదివినప్పుడు నా వాదం కాస్త తడబడిన మాట దాచను. తొలి మారథాన్ దారిలో పరుగెత్తిన ఆడమనిషికి కూడా కారణం ఉద్యోగమేనా! కానీ ఉద్యోగం కోసమని చెప్పకపోతే ఆమె మాట వినేవాళ్ళెవరు? మా ఇంట్లో నేను చెప్పినట్లే ఆమె కూడా చెప్పి ఉండవచ్చు కదా. ఆడవాళ్ళకు ఒలింపిక్స్‌లో మారథాన్ పెట్టింది 1984లో, లాస్ ఏంజెలెస్‌లో. మధ్యలో ఎనభై ఎనిమిదేళ్ళు. ఆ ఎనభై ఎనిమిదేళ్ళూ పెద్దమనుషులు అడిగింది ఒకే ప్రశ్న, కాస్త మర్యాదగా: ఆడవాళ్ళకు ఇంత దూరం ఎందుకండీ?

నిన్న సాయంత్రం తమ్ముడు వచ్చాడు. అరుగు మీద కూర్చొని వాన సంగతి, విత్తనాల సంగతి మాట్లాడి, లేవబోతూ అడిగాడు.

"నోటిఫికేషన్ ఎప్పుడంట అన్నా?"

"నోటిఫికేషన్‌కు కాదురా అది పరిగెత్తేది. ఎత్తు చాలదు. సెలక్షన్లు దానికి కుదరవు."

ఆ పిల్ల లోపల గిన్నెలు కడుగుతోంది. చప్పుడు ఆగిపోయింది.

"మరి ఏమొస్తాది?"

"ఏమీ రాదు. పరిగెత్తుతుంది, అంతే. బాగా పరిగెత్తుతుంది. నాకన్నా బాగా."

వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అంతలో త్రీఫేస్ కరెంటు వచ్చింది. మోటారు వేయాలని లేచి, చెప్పులు వెతుక్కొని, వీధి దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"హిందూపురం దోవలో కుక్కలు ఎక్కువైనాయి. కట్టె పట్టుకొని పోండి."